ఒంటిచేత్తో మోసే పెట్టె

ఆ వేసవిలో మా ఆయన ఆ పెట్టె కొనుక్కురాకపోయి ఉంటే మా అన్నయ్య ఇప్పటికీ మా ఇంట్లోనే ఉండేవాడు. ఈ మాట నేను అన్నప్పుడల్లా ఆయన, "ఆ నడుంనొప్పి నీకుంటే తెలిసేది," అంటారు. అదీ నిజమే. కానీ నిజమైనంత మాత్రాన నా కోపం తగ్గాలని ఎక్కడా లేదు.

మాది ముగ్గురి బ్యాండు. మా ఆయన గిటారు, అన్నయ్య డ్రమ్స్, నేను పాట. ఏడాదంతా ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్లేవాళ్లం. వేసవిలో మాత్రం సరస్సు ఒడ్డున ఉన్న హోటల్లో రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ మా పాటలే. అప్పట్లో మాకో పాత వ్యాను ఉండేది. గిటారు మోతని పెంచే మా ఆయన వాల్వుల యాంప్ అందులో ఒక సీటంతా ఆక్రమించుకుని మామగారిలా కూర్చునేది. దాన్ని దింపడానికి ఇద్దరు పట్టాలి, స్విచ్చి వేశాక లోపలి గాజు గొట్టాలు వేడెక్కేదాకా దాని ముఖం చూస్తూ కూర్చోవాలి. ఆ ఏడు ఎండలు ముదిరే ముందే వ్యాను మూలపడింది. ఆ వెనకే మా ఆయన నడుం పట్టేసింది. మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే అదే.

అందుకని కొన్నారు ఆ చిన్న యాంప్‌ని. వాల్వులూ గీల్వులూ లేవు, అన్నీ ట్రాన్సిస్టర్లే. మీట నొక్కగానే పలుకుతుంది. గిటారుకి ఒక కన్నం, మైకుకి ఒక కన్నం. ఒకసారి చార్జింగ్ పెడితే పూటంతా కరెంటు అక్కర్లేదు. దాన్ని ఒంటిచేత్తో పట్టుకుని హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వీధిగుమ్మంలోకి తిరిగారాయన. నడుం పట్టేసిన మనిషి అలా తిరుగుతుంటే నాకూ సంతోషంగానే ఉంది.

"బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చోవచ్చు బావా!" అన్నాడు అన్నయ్య. వాళ్లిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్లు. ఒకరు బావా అంటే ఇంకొకరు బావా అంటూ ఇద్దరూ కలిసి నన్ను విసిగించేవాళ్లు.

ఆ పెట్టెలో డ్రమ్స్ కూడా ఉన్నాయని ముందు కనిపెట్టింది అన్నయ్యే. పక్కనున్న మీటలన్నీ వరసగా నొక్కి చూస్తుంటే ఒక్కసారిగా లోపల్నుంచి దరువు మొదలైంది. అన్నయ్య ఉలిక్కిపడి, "ఎవడ్రా లోపల?" అన్నాడు. కాలితో తొక్కే చిన్న పెడల్ కూడా ఇచ్చారు దానితో. ఒకసారి తొక్కితే దరువు మొదలు, మళ్లీ తొక్కితే ఆఖరు.

"వీడు చెమట పట్టిందనడు, టీ అడగడు. నా ఉద్యోగానికి ఎసరు పెట్టేలా ఉన్నాడు, వీడి మీదో కన్నేసి ఉంచు బావా," అన్నాడు అన్నయ్య. ముగ్గురం కడుపుబ్బా నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది వాడే.

ఆ వేసవి నుంచి హోటల్‌కి బస్సులో వెళ్లడం మొదలుపెట్టాం. మా ఆయన ఒళ్లో పెట్టె, నా చేతిలో మైకు స్టాండు, అన్నయ్య డ్రమ్స్ మాత్రం బస్సు టాపు మీద. ఒకరోజు బస్సు కిటకిటలాడుతోంది. టాపు మీద అప్పటికే మంచాలు, సైకిళ్లు ఉన్నాయి. కండక్టరు కింద నిలబడి చేతులడ్డం పెట్టాడు.

"ఈ పీపాలు ఎక్కించడం కుదరదు."

"పీపాలు కావు బాబూ, డ్రమ్స్," అన్నాను.

"ఏవైతేనేంటమ్మా, చోటు లేదు."

"మీరు పదండి, నేను వెనక బస్సులో వస్తాను," అన్నాడు అన్నయ్య.

వెనక బస్సులోనూ చోటు దొరకలేదు. హోటల్లో జనం వచ్చి కూర్చున్నారు, ప్లేట్లు వస్తున్నాయి. మేం గేటు వైపు చూస్తున్నాం. చివరికి మా ఆయన పెడల్ తొక్కారు. పెట్టె దరువు వేసింది, నేను పాడాను. ప్రతి పాటలోనూ చరణం సగానికి వచ్చేసరికి ఊపిరి చాలడం లేదు. ఎండ వల్ల అనుకున్నాను.

అన్నయ్య ఎవరో సరుకుల బండివాణ్ణి బతిమాలుకుని, చొక్కా వొంటికి అంటుకుపోయి, మేం వైర్లు చుడుతున్న సమయానికి దిగాడు. హోటల్ మేనేజరు వాడికి స్వయంగా మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఈ మేనేజరు గొంతు ఎప్పుడూ లేపడు. మేం చాటుగా ఆయనకి మెత్తనాయన అని పేరు పెట్టుకున్నాం.

"ఇవాళ భలే బాగుందండీ," అన్నాడు మెత్తనాయన మా ఆయనతో. "మాట్లాడుకుంటూ తినడానికి హాయిగా ఉందన్నారు గెస్టులు. రేపు కూడా ఇలాగే కానివ్వండి. సార్‌కి కూడా విశ్రాంతి ఉంటుంది కదా." సార్ అంటే అన్నయ్య. నీళ్ల గ్లాసు పట్టుకుని వింటున్నాడు.

నా గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే నాకు అన్నయ్య సంగతి తెలుసు. వాడికి యాభై దాటాయి, పెళ్లి లేదు, కర్రలు పట్టుకోవడం తప్ప ఇంకో పని చేసి ఎరగడు. కానీ పట్టుదల మాత్రం రాక్షసుడికి ఉన్నంత ఉంది. మా ఇంటికి వచ్చిన రోజునే చెప్పాడు: "ఆడపిల్ల ఇంట్లో ఊరికే కూర్చుని తినే రకాన్ని కాను. వాయించినన్నాళ్లు ఉంటాను. ఆ తర్వాత పిన్ని కొడుకు దగ్గరికి వెళ్లి అట్టపెట్టెలు చేసుకుంటాను." పిన్ని కొడుకుది ఒక పూట ప్రయాణం అవతల ఊళ్లో అట్టపెట్టెల ఫ్యాక్టరీ. అన్నయ్య అన్న మాట మీద నిలబడే మనిషి. బ్యాండులోంచి తీసేస్తే ఇంట్లోంచి కూడా వెళ్లిపోతాడు.

అందుకని ఆ వేసవంతా నాకు ఒకటే పని అయింది, అన్నయ్య బ్యాండులోంచి జారిపోకుండా పట్టుకోవడం.

మర్నాడు అన్నయ్య తెల్లవారకముందే డ్రమ్స్‌తో బయల్దేరి వెళ్లి, మేం వెళ్లేసరికి అంతా బిగించుకుని కూర్చున్నాడు. మెత్తనాయన నవ్వుతూ పలకరించి వెళ్లాడు. పాటలయ్యాక మాత్రం దగ్గరికొచ్చి, "కాస్త తగ్గిస్తే బాగుంటుంది సార్," అన్నాడు.

తగ్గించాడు మా అన్నయ్య. ముందు ఇత్తడి తాళాలు ఇంట్లో వదిలేశాడు. "వాటి మోత నాకే చిరాకు," అన్నాడు. తర్వాత పెద్ద డ్రమ్ము. "బస్సులో గొడవ తప్పింది," అన్నాడు. తర్వాత ఒక్క చిన్న డ్రమ్ము మిగిలింది, దాని మీద కర్రలకి బదులు తీగల కుచ్చులతో రాస్తూ వాయించాడు. పక్క టేబులు వాళ్లకి కూడా వినపడనంత మెల్లగా వాయించాడు. అప్పుడు కూడా మెత్తనాయన, "ఇంకొంచెం," అన్నాడు. ఆఖరికి గింజలు పోసిన గిలక ఒకటి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పాతికేళ్లు డ్రమ్స్ వాయించిన మనిషి, చంటిపిల్లని ఆడించేవాడిలా గిలక పట్టుకుని నిలబడ్డాడు. నేను పాడుతూ వాడివైపు చూడలేకపోయాను.

ఇంటికి వచ్చాక మా ఆయన మీద పడ్డాను.

"మా అన్నయ్య లేకపోతే వాయించనని మీరు ఒక్క మాట అనలేరా?"

"అంటే ముగ్గురికీ పోతుంది. సీజను మధ్యలో ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పు?"

"అయితే వాడొక్కడికీ పోవచ్చా?"

"నేనలా అన్నానా? నా నోట్లో మాటలు పెట్టకు."

"మీ నోట్లో మాటలుంటే నేనెందుకు పెడతాను!"

ఆయన పెట్టె తుడుచుకుంటూ కూర్చున్నారు. అడకత్తెరలో పోకచెక్క నేనే అనుకున్నాను ఆ రోజు. తర్వాత ఆలోచిస్తే ఆయనా అందులోనే ఉన్నారు.

ఆ మర్నాడు ఆయన నాకు చెప్పకుండా మెత్తనాయన దగ్గరికి వెళ్లారు. దరువు మొదలుపెట్టడానికీ ఆపడానికీ పెడల్ తొక్కే మనిషి కావాలనీ, గిటారు వాయిస్తూ తనకి కుదరడం లేదనీ చెప్పారు. అది పచ్చి అబద్ధం. మెత్తనాయనకి కూడా అబద్ధమని తెలుసు. అయినా నవ్వి సరేనన్నాడు.

అలా అన్నయ్య పెట్టె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు. పాట మొదట్లో ఒకసారి తొక్కడం, చివర్లో ఒకసారి తొక్కడం, అంతే పని. మిగతా సమయమంతా చేతులు మోకాళ్ల మీద ఉండేవి. ఆ వేళ్లు మాత్రం ఊరుకునేవి కావు. ఒకరోజు ముందు టేబుల్ దగ్గర కూర్చున్నావిడ నన్ను పిలిచి, "ఆ కుర్చీలో ఆయన మీ వాళ్లా? ఒంట్లో బాగాలేదా పాపం?" అని అడిగింది.  బాత్రూములోకి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి తర్వాతి పాట పాడాను.

ఇంతలో నా కష్టం నాకు వచ్చిపడింది. ఎండ కాదు, ఏమీ కాదు, ఏ పాటా పూర్తిగా పాడలేకపోతున్నాను. ప్రతి వాక్యం చివరా గొంతు ఎండిపోయి మాట తెగిపోతోంది. మా ఆయన దరువు వేగం తగ్గించి చూశారు. ఇంకా చచ్చాను. ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తూ మళ్లీ మళ్లీ అదే చరణం పాడి చూసుకుంటుంటే అన్నయ్య మెట్ల మీద కూర్చుని విన్నాడు.

"వేగంతో పని లేదు," అన్నాడు. "నీకు వాక్యం చివర కాస్త జాగా కావాలి. వాడివ్వడు."

"ఎవడు?"

"పెట్టెలోవాడు."

"మరి ఇన్నాళ్లూ ఎలా పాడానురా?"

వాడు బూటు తుడుచుకుంటూ, "నేనిచ్చేవాణ్ణి," అన్నాడు.

నాకు ఉబ్బసం మొదలై ఎన్నో ఏళ్లయింది. మందులు వాడుతున్నాను, పాడగలుగుతున్నాను కాబట్టి తగ్గిందనుకున్నాను. నా ఊపిరి ఎక్కడ ఆగుతుందో అన్నయ్యకి నా వీపు చూస్తే తెలిసేదట. అక్కడ దరువుని పట్టీ పట్టనట్టు లాగి, కర్రలతో గలగలమని ఒక విసురు విసిరేవాడు. ఆ విసురులో నేను ఊపిరి తీసుకునేదాన్ని. వినేవాళ్లు అది వాడి స్టయిల్ అనుకున్నారు. మా ఆయన అయితే, "ప్రతి లైనుకీ ఆ ఆర్భాటం ఎందుకు బావా?" అని విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి. అప్పుడు వాడు నవ్వేసి, "చెయ్యి ఊరుకోదు బావా," అనేవాడు.

"ఒక్కసారైనా చెప్పలేదేరా?"

"చెబితే నువ్వు పాడటం మానేసేదానివి. నీ సంగతి నాకు తెలీదా?"

పిండిన బట్టనే నేను మళ్లీ పిండాను. వాడిని నేను బ్యాండులో నిలబెడుతున్నాననుకుంటున్నాను. ఇన్నాళ్లూ నన్ను నిలబెట్టింది వాడు.

వేసవి సగం దాటాక హోటల్ యజమాని భోజనానికి వచ్చాడు. మిగిలిన రోజులకీ, వచ్చే ఏడాదికీ ఎవరిని ఉంచాలో ఆ రోజే తేల్చుకుంటాడని మెత్తనాయన ముందే చెప్పాడు. యజమాని పక్కన ఇంకో పదిమంది పెద్దమనుషులు. వాళ్లు అడిగిన పాట నాకు ప్రాణం, కానీ దాని చరణం పొడుగు. వద్దనడానికి వీల్లేదు. అన్నయ్య నావైపు చూశాడు. నేను తలాడించాను. వాడు పెడల్ తొక్కాడు.

మొదటి చరణం ఎలాగో గట్టెక్కాను. రెండో చరణంలో ఛాతీ బిగిసిపోయింది. కళ్ల ముందు టేబుళ్లు మసకబారాయి. పెట్టె మాత్రం నాకేం పట్టిందన్నట్టు కొట్టుకుంటూ పోతోంది. ఇక పడిపోతాననుకున్న క్షణంలో దరువు ఆగిపోయింది.

అన్నయ్య ఆపేశాడు. పాట మధ్యలో, యజమాని ఎదురుగా. మా ఆయన చెయ్యి తీగల మీదే ఉండిపోయింది. హాలంతా చెంచాల చప్పుడు. నేను ఊపిరి తీసుకున్నాను, నిండుగా తీసుకున్నాను. అప్పుడు వాడు మళ్లీ తొక్కాడు. పాట పూర్తి చేశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

వంటింటి వెనక వసారాలో మెత్తనాయన మాకోసం నిలబడి ఉన్నాడు.

"ఏమైంది సార్?" అని అన్నయ్యని అడిగాడు.

"కాలు జారిందండీ. తప్పు నాదే."

"పెడల్ తొక్కడం కూడా కష్టమైతే ఎలా సార్? యజమానిగారికి నేనేం చెప్పను?"

"నాదే పొరపాటు. నన్ను మానెయ్యమంటే మానేస్తాను. వాళ్లిద్దరికీ ఏం సంబంధం లేదు."

అంత నెమ్మదిగా చెప్పాడంటే, ఈ మాటలు కుర్చీలో కూర్చునే తయారుచేసుకుని ఉంటాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"కాలు జారలేదు," అన్నాను. "నాకు ఊపిరి అందలేదు. నాకు ఉబ్బసం ఉంది. నాకోసమే ఆపాడు."

మెత్తనాయన నా ముఖం చూసి నిజంగానే బాధపడ్డాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

"అయ్యో, ఆరోగ్యం ముందు చూసుకోవాలమ్మా. రేపట్నుంచి మీరు కూడా విశ్రాంతి తీసుకోండి. గిటారు సార్ ఒక్కరూ ఆ పెట్టె పెట్టుకుని వాయిస్తే చాలు. భోజనాల దగ్గర పాట కూడా ఎక్కువే అంటున్నారు ఆయన."

బస్సులో అన్నయ్య నామీద విరుచుకుపడ్డాడు. "ఎందుకు తెరిచావే నోరు? నేనొక్కణ్ణే పోయేవాణ్ణి కదే!"

"నిన్ను పోనిస్తానని ఎవరన్నారు నీతో?"

"ఇప్పుడేం ఒరిగింది? నిన్ను కూడా తీసేశారు!"

"అరవకండి," అన్నారు మా ఆయన. పెట్టె ఆయన ఒళ్లో ఉంది. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడింది అంటారు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను.

మర్నాడు పొద్దున ఆయన తయారై గుమ్మంలో నిలబడ్డారు. భుజాన గిటారు, చేతిలో పెట్టె. అడుగు బయటికి పడటం లేదు.

"వెళ్లమంటావా బావా?" అని అడిగారు అన్నయ్యని.

"వెళ్లకపోతే పొయ్యి ఎలా వెలుగుతుంది? బస్సు పోతుంది, వెళ్లు బావా."

నన్ను అడగలేదు. అడిగితే నేనేం చెప్పేదాన్నో నాకే తెలియదు.

ఆ వారమంతా ఆయన ఇంటికి రాగానే నేను అడిగే ప్రశ్న ఒకటే. "ఎవరైనా అడిగారా?"

"అడిగారు. పాడేవిడ ఏరీ అని చాలామంది అడిగారు," అనేవారు. కాళ్లు కడుక్కుంటూ, నా ముఖం చూడకుండా. ఆయనకి అబద్ధం చెప్పడం చేతకాదు, మెత్తనాయన దగ్గరా చేతకాలేదు. ఒకరోజు మళ్లీ అడిగితే, చెంబు కింద పెట్టి, "లేదు. ఎవరూ అడగలేదు," అన్నారు. 

మరుసటి పొద్దున, మా ఆయన బస్సు ఎక్కాక, అన్నయ్య సంచీ సర్దుకున్నాడు. ఆయన ఉండగా బయల్దేరితే ఆపుతారని కాచుకుని ఉన్నాడు. నేను వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకోవే."

"తప్పుకోను. ఆయన వచ్చాక వెళ్దువుగాని."

"బావ వస్తే వెళ్లలేను. తెలిసి కూడా అంటావేంటి?"

"నీకు ఇక్కడ తిండి పెట్టలేమనా?"

"పెడతారు. అదే నావల్ల కాదు." వాడు సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "డ్రమ్స్ ఇక్కడే ఉండనీ. అట్టపెట్టెల వాడికి అవెందుకు? మందులు మానకు. బావతో పోట్లాడకు, ఆ పెట్టె కొనేటప్పుడు సరేనన్నది నేను కూడా."

నేను ఏడుస్తూనే ఉన్నాను, అడ్డం తప్పుకోనూ లేదు. వాడే నన్ను రెండు భుజాలూ పట్టుకుని, కుర్చీ జరిపినంత తేలిగ్గా పక్కకి జరిపి వెళ్లిపోయాడు. వీధి చివర తిరిగేదాకా చూశాను. వెనక్కి చూడలేదు.

ఇల్లంతా చీకటి కొట్టినట్టయింది. వంట మొదలుపెట్టాలనిపించలేదు. హోటల్లో భోజనాలు నడుస్తూ ఉండాల్సిన వేళకి గేటు చప్పుడైంది. మా ఆయన. ఎండకి ముఖం కమిలిపోయి ఉంది.

"బావేడీ?" అన్నారు చెప్పులు విప్పకుండానే.

"పొద్దుటి బస్సుకి వెళ్లిపోయాడు. పిన్ని కొడుకు దగ్గరికి."

ఆయన పెట్టె కింద పెట్టి గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు.

"నన్ను కూడా వద్దన్నారు," అన్నారు.

"ఎందుకు?"

"దరువుతో కలవడం లేదని. వారం నుంచీ అంటున్నాడు మెత్తనాయన, నేనే నీతో చెప్పలేదు. దరువు ముందుకు పోతోంది, నేను వెనకబడుతున్నాను. చెయ్యి మొద్దుబారిందేమో అనుకున్నాను. ఇవాళ ఆ పెద్ద పాటే వాయిస్తుంటే తెలిసింది. నువ్వు ఊపిరి తీసుకునే చోటల్లా నా చెయ్యి ఆగుతోంది." రెండు చేతులూ చూసుకున్నారు. "బావ ఆపితే నేనూ ఆగేవాణ్ణి. ఇన్నేళ్లూ ఆగాను, నాకే తెలీదు. వాయిద్దామన్నా ఇంకోలా రావడం లేదు."

ఆయన మీద నాకున్న కోపం అంతా పోయిందని చెప్పను. కానీ ఆయన పక్కన కూర్చున్నాను. ముగ్గురికీ పని పోయింది, రేపేం తింటామో తెలియదు, అయినా నాకు అప్పుడు తోచింది ఒకటే. ఈ మాట అన్నయ్యకి తెలియాలి, ఇప్పుడే తెలియాలి.

"ఫోన్ చెయ్యండి," అన్నాను.

ఆయన చేశారు. "బావా," అన్నారు.  రెండోసారి కూడా "బావా" అనే అన్నారు. నేను ఫోన్ లాక్కున్నాను.

"అన్నయ్యా, ఈయన్ని కూడా... ఈయన కూడా నువ్వు లేకపోతే... ఇన్నేళ్లూ..."

అంతా ఒక్క గుక్కలో చెప్పెయ్యాలనుకున్నాను. ఛాతీ పట్టేసింది. నోరు తెరుచుకునే ఉంది, మాట బయటికి రావడం లేదు. అవతల బస్సు గేరు మార్చిన మోత, టికెట్ టికెట్ అని కండక్టరు కేక, గాలి హోరు వినిపిస్తున్నాయి.

"తొందరేం లేదే," అన్నాడు అన్నయ్య. "నిదానంగా ఊపిరి తీసుకో. నేనెక్కడికీ పోను."